ఫిరంగి గుండు దాటిపోయే దేశం

సింగపూర్ మ్యాప్ తెరిచి స్కేలు పెట్టి కొలవండి. తూర్పు కొస నుంచి పడమటి కొసకు సుమారు 50 కిలోమీటర్లు. ఉత్తరాన మలేసియా వైపు ఒడ్డు నుంచి దక్షిణాన సముద్రం దాకా 27. ఆ దేశ సైన్యం దగ్గరున్న 155 మిల్లీమీటర్ల ఫిరంగుల్లో దూరం వెళ్లే రకం గుండు వేస్తే దాదాపు 30 కిలోమీటర్లు పోతుంది. ఉత్తరపు ఒడ్డున నిలబెట్టి దక్షిణానికి కాలిస్తే అది అపార్ట్‌మెంట్ల మీదుగా, ఆఫీసుల మీదుగా, హార్బర్ మీదుగా వెళ్లి నీళ్లలో పడుతుంది. సొంత ఫిరంగిని సొంత నేల మీద పూర్తి దూరం కాల్చి చూసుకునే వీలు ఆ దేశానికి లేదు.

మా పెద్దమ్మ మనవడు అక్కడే పుట్టి పెరిగాడు. వాడికి సైన్యం నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "మన హైదరాబాదంత లేదు కదరా ఆ దేశం, దానికి ట్యాంకులెందుకు, మా పిల్లాడెందుకు?" అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఆవిడ హైదరాబాద్ లెక్క పూర్తిగా సరి కాదు గానీ, దగ్గరే. విస్తరణకు ముందు జీహెచ్‌ఎంసీ పరిధి 650 చదరపు కిలోమీటర్లు. సింగపూర్ ఇప్పుడు సుమారు 735. అదీ సముద్రాన్ని పూడ్చుకుంటూ పెంచుకున్నాక. 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైన రోజున దాదాపు 580 మాత్రమే. సైన్యమంటే రెండు పదాతి బెటాలియన్లు. విమానాలు లేవు, ట్యాంకులు లేవు. తాగే నీళ్లలో చాలాభాగం మలేసియా నుంచి పైపుల్లో వచ్చేది. 1942 ఫిబ్రవరిలో జపాన్ సైన్యం ఉత్తరం నుంచి, అదే మలయా మీదుగా వచ్చి ఇంత పెద్ద బ్రిటిష్ స్థావరాన్ని వారం రోజుల పోరులో లొంగదీసుకున్న సంగతి ఆ తరం కళ్లారా చూసింది.

అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ మొదట సాయం అడిగిన దేశాల్లో మనదీ ఒకటి. సైన్యాన్ని కట్టడానికి ఒక సలహాదారును పంపమని లాల్ బహదూర్ శాస్త్రికి రాశాడు. నౌకాదళానికి సాయం చేయమని ఈజిప్టు అధ్యక్షుడు నాజర్‌కు రాశాడు. శాస్త్రి నుంచి శుభాకాంక్షలు వచ్చాయి, సలహాదారు మాట రాలేదు. నాజర్ జవాబులోనూ అసలు విషయం లేదు. ఆ తర్వాతే సింగపూర్ ఇజ్రాయెల్ వైపు తిరిగింది. చుట్టూ ముస్లింలు ఎక్కువగా ఉన్న పెద్ద దేశాలు. ఇజ్రాయెల్ అధికారులు వచ్చారని తెలిస్తే గొడవే. అందుకే వాళ్లను "మెక్సికన్లు" అని పిలిచేవారు. ఎండకు కమిలిన ఒంటి రంగు చూసి జనం నమ్మేస్తారని లెక్క.

1967లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే బ్రిటన్ తన బలగాలను 1971 నాటికి తీసుకెళ్లిపోతానని ప్రకటించింది. ఆ హడావుడిలో ఇజ్రాయెల్ వాడి పక్కనపెట్టిన ఫ్రెంచ్ తేలిక ట్యాంకులు ఏఎంఎక్స్-13లను సింగపూర్ కొన్నది. 1969 స్వాతంత్ర్య దినోత్సవ కవాతులో వాటిని రోడ్డు మీద నడిపించింది. అప్పటికి మలేసియా దగ్గర ఒక్క ట్యాంకు కూడా లేదు. కవాతుకు మలేసియా నాయకులు అతిథులుగా వచ్చారు. ట్యాంకులు పాతవే, సెకండ్ హ్యాండ్‌వే. అయినా చూడాల్సినవాళ్లు చూశారు.

ఇక్కడ నుంచి కథ ఆయుధాల పేర్లలో పడితే తికమకే. నా మటుకు ఒక దారి దొరికింది. వాళ్ల దగ్గర ఏముందో చూసేకంటే వాళ్లకు ఏం లేదో చూడాలి. చోటు లేదు. మనుషులు లేరు. వాళ్లు కొన్న, తయారు చేసుకున్న ప్రతి వస్తువూ ఈ రెండింటిలో ఒక లోటును పూడ్చడానికి వచ్చిందే. ఆ రెండిట్లో మనుషుల లోటు పెద్దది.

రైఫిల్ సంగతే తీసుకోండి. 1967లో సీఐఎస్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టారు. దానికిచ్చిన పనులు రెండు: తూటాలు తయారు చేయడం, దేశానికి నాణేలు ముద్రించడం. వినడానికి వింతగా ఉంటుంది గానీ రెండూ లోహాన్ని అచ్చులో ఒత్తే పనులే. ఆ తర్వాత అమెరికా కంపెనీ కోల్ట్ లైసెన్సుతో ఎం16 రైఫిల్ తయారీ మొదలైంది. చిక్కు అక్కడే వచ్చింది. చిన్న దేశం, చిన్న సైన్యం. కావలసిన రైఫిళ్లు కొన్నేళ్లలో అయిపోతాయి. తర్వాత యంత్రాలేం చేయాలి, పని నేర్చిన కార్మికులేం చేయాలి? బయటి దేశాలకు అమ్ముదామంటే కోల్ట్ ఒప్పుకోవాలి, అమెరికా ప్రభుత్వం ఒప్పుకోవాలి. వంటగది మనదే, వంట మాత్రం ఇంకొకరి అనుమతితో వడ్డించాలన్నట్టు. చిన్న దేశం సొంత ఆయుధ పరిశ్రమ పెట్టుకుంటే ఎదురయ్యే మొదటి గోడ ఇదే. ఫ్యాక్టరీ బతకాలంటే ఎగుమతి కావాలి. ఎగుమతి చేయాలంటే డిజైన్ సొంతది కావాలి.

అలా పుట్టిందే అల్టిమాక్స్ 100 అనే తేలిక మెషీన్ గన్. ఎం16 అసలు రూపాన్ని తీర్చిదిద్దిన బృందంలోని జేమ్స్ సల్లివన్‌నే పిలిపించి డిజైన్ చేయించుకున్నారు. 1982లో సైన్యంలోకి వచ్చింది. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇందులో అసలు తెలివి ఉంది. మామూలు మెషీన్ గన్‌లో ప్రతి తూటా పేలినప్పుడు లోపలి బోల్టు వేగంగా వెనక్కి వచ్చి వెనక గోడకు ధన్ మని కొట్టుకుంటుంది. ఆ దెబ్బ భుజానికి తగులుతుంది, గొట్టం పైకి లేస్తుంది, గురి తప్పుతుంది. అల్టిమాక్స్‌లో బోల్టు ప్రయాణించే దూరం పెంచి, అది గోడను తాకకముందే స్ప్రింగ్ మెల్లగా ఆపేలా చేశారు. ఆర్టీసీ బస్సులో డ్రైవర్ సడన్ బ్రేక్ వేయడానికీ, స్టాప్ ఇంకా దూరంగా ఉండగానే నెమ్మదిగా ఆపుకుంటూ రావడానికీ ఉన్న తేడా. రెండో బస్సులో నిలబడ్డవాళ్లు కూడా పడరు. ఈ తుపాకీ పట్టుకున్నవాడికి కుదుపులకు బదులు ఒకే తీరున తోస్తున్నట్టు ఉంటుంది. ఖాళీ బరువు 5 కిలోల లోపే, తోటి రకాల కంటే దాదాపు 2 కిలోలు తక్కువ.

బక్కపలచని పద్దెనిమిదేళ్ల కుర్రాడు దీన్ని మోయగలడు, కాల్చగలడు. అక్కడ సైనికుడంటే వృత్తిగా ఎంచుకుని చేరిన వస్తాదు కాదు. నిన్నటిదాకా కాలేజీలో ఉండి, రెండేళ్ల తర్వాత మళ్లీ కాలేజీకి వెళ్లబోయేవాడు. వాడిని తీర్చిదిద్దడానికి సైన్యానికి దొరికేది ఆ కొద్ది సమయమే.

1999లో బయటపెట్టిన సార్ 21 రైఫిల్‌లో ఈ ఆలోచన ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇది బుల్‌పప్ రకం. మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా, ట్రిగ్గర్ ముందు కాకుండా వెనక, చెంప కింద ఉంటుంది. గొట్టం పొడవు తగ్గకుండానే రైఫిల్ మొత్తం పొడవు 80 సెంటీమీటర్ల చిల్లరకు వచ్చింది. ఎం16 దాదాపు మీటరు. ఇరుకు కవచ వాహనంలోంచి దిగేటప్పుడు, అడవిలో తీగల మధ్య దూరేటప్పుడు ఆ జానెడు తేడాయే పెద్ద సుఖం. చెంప ఆనే చోట లోపల కెవ్లార్ పలక పెట్టారు, పొరపాటున రైఫిల్ లోపల తూటా ఉండే గదే పగిలితే మొహానికి రక్షణగా. మ్యాగజైన్‌లో లోపలిది కనిపిస్తుంది. ఎన్ని తూటాలు మిగిలాయో లెక్కపెట్టుకునే టెన్షన్ లేదు, తల వంచి చూస్తే చాలు. పైన 1.5 రెట్లు పెద్దదిగా చూపే చిన్న దుర్భిణీ రైఫిల్‌తోనే కలిసి వస్తుంది, ఫ్యాక్టరీలోనే గురి సరిచేసి ఇస్తారు. మాట్లాడితే బరువు ఎక్కువంటారు, ఖాళీగానే 3.8 కిలోలు. ఆ ఫిర్యాదు నిజమే. కానీ గురి సరిచేయడం నేర్పడానికి పట్టే రోజులు మిగిలాయి చూడండి, రెండేళ్ల సైనికుడి విషయంలో అది మామూలు పొదుపు కాదు.

ఫిరంగుల దగ్గరకు వద్దాం. సింగపూర్ సొంతంగా చేసుకున్న ప్రైమస్ అనే, ట్యాంకులా గొలుసు పట్టాల మీద నడిచే ఫిరంగి బరువు 30 టన్నుల లోపు. పెద్ద దేశాల ఇలాంటి ఫిరంగులు కొన్ని 50 టన్నులు దాటతాయి. ఆగ్నేయాసియా వంతెనలు, మెత్తటి తోటల నేలలు అంత బరువును మోయవు. ప్రైమస్‌ను నడిపి కాల్చడానికి నలుగురు చాలు. దాని తర్వాత 2005లో పెగాసస్ వచ్చింది. 5.4 టన్నుల 155 మిల్లీమీటర్ల ఫిరంగి, చినూక్ హెలికాప్టర్ కింద కట్టి ఎగరేసుకుపోవచ్చు. మన సైన్యం అమెరికా నుంచి తెచ్చుకున్న ఎం777 దీనికంటే తేలిక, 4.2 టన్నులే. అయితే పెగాసస్‌కు చిన్న ఇంజిన్ ఉంది. హెలికాప్టర్ దింపి వెళ్లిపోయాక తనంతట తాను కొద్ది దూరం నడిచి చోటు మార్చుకుంటుంది. ఎం777ను లాగడానికి బండి కావాలి, తోయడానికి మనుషులు కావాలి. ఒక టన్ను అదనపు బరువును ఒప్పుకుని వాళ్లు కొనుక్కున్నది ఆ మనుషుల చెమటను. అమెరికా నుంచి కొన్న హైమార్స్ రాకెట్ బండికీ ముగ్గురే చాలు.

ఎందుకింత పీనాసితనం మనుషుల దగ్గర? దేశంలో ఉండేవాళ్లు 60 లక్షలు. అందులో పౌరులు 36 లక్షల దాకా. నిర్బంధ సేవ మగపిల్లలకే. 2023లో అక్కడ సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1 కంటే కిందికి పడిపోయింది. 2030 నాటికి ఏటా సైన్యంలోకి వచ్చే కుర్రాళ్లు మూడోవంతు తగ్గుతారని రక్షణ శాఖే చెప్పింది. డబ్బు లోటు లేదు. రక్షణకు 2024లో కేటాయించింది రెండు వేల కోట్ల సింగపూర్ డాలర్లు, జీడీపీలో 3 శాతం ప్రాంతం. డబ్బుతో పుట్టించలేనిది ఇరవై ఏళ్ల కుర్రాడిని. అందుకే 2019లో వచ్చిన హంటర్ కవచ వాహనంలో కమాండర్, గన్నర్ పక్కపక్కన ఒకేలాంటి స్క్రీన్ల ముందు కూర్చుంటారు, ఒకరి పని ఇంకొకరు చేయగలరు. తల బయటపెట్టకుండా చుట్టూ కెమెరాల్లో చూస్తూనే బండి నడుపుతారు. సిబ్బంది ముగ్గురు, వెనక ఎనిమిది మంది సైనికులు. 30 మిల్లీమీటర్ల గన్ పైన ఉంటుంది, దాని దగ్గర మనిషి ఉండడు.

ఇక చోటు లోటు. ఇది ఖర్చుతో తీరుతుంది గానీ, ఆ తీరే పద్ధతి చూస్తే నవ్వు, జాలి రెండూ కలుగుతాయి. యుద్ధ విమానాల పైలట్లు అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాల్లో శిక్షణ పొందుతారు. పదాతి దళం 1975 నుంచి తైవాన్ వెళ్తోంది. భారీ విన్యాసాలు ఆస్ట్రేలియాలోని షోల్‌వాటర్ బేలో. ప్రైమస్ గుండ్లు పేలేది న్యూజీలాండ్ వైఊరు మైదానాల్లో. మన దేశంలో ఝాన్సీ దగ్గరి బబీనాలో వాళ్ల కవచ దళాలు, నాసిక్ దగ్గరి దేవలాలిలో ఫిరంగి దళాలు, బెంగాల్ కలైకుండలో వైమానిక దళం శిక్షణ పొందాయి. 1965లో శుభాకాంక్షలతో సరిపెట్టిన మనం నలభై ఏళ్ల తర్వాత నేల ఇచ్చాం. అమెరికాలోని టెక్సస్‌లో ఉంచిన సింగపూర్ చినూక్‌లైతే 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు దగ్గర్లోనే ఉన్నందుకు అక్కడి బాధితుల సాయానికి ఎగిరాయి.

ఇంత దూరాలు తిప్పితే ఎక్కడో ఒకచోట తగులుకోక తప్పదు. 2016 నవంబరులో తైవాన్‌లో శిక్షణ ముగించుకుని ఓడలో వస్తున్న తొమ్మిది టెరెక్స్ కవచ వాహనాలను హాంకాంగ్ కస్టమ్స్ పట్టుకుంది. తైవాన్‌తో ఎవరు సైనిక సంబంధం పెట్టుకున్నా చైనాకు గిట్టదు. రెండు నెలలు అవి అక్కడే ఉండిపోయాయి, 2017 జనవరి చివర్లో ఇంటికి చేరాయి. ఒక్క తూటా పేలకుండా, సరుకు రవాణా కాగితాలతోనే ఒక సైన్యాన్ని ఇబ్బంది పెట్టవచ్చని ఆ రెండు నెలలు చూపించాయి.

స్వదేశంలో ఉన్న కాస్త నేలనూ రెండు రకాలుగా వాడతారు. లిమ్ చూ కాంగ్ రోడ్డు మామూలు రోజుల్లో బస్సులు తిరిగే రోడ్డే. అవసరమైతే దీపస్తంభాలు, బస్ స్టాపులు, గార్డ్ రెయిలింగులు ఊడదీసి, తుడిచి, లైట్లు పెట్టి రన్‌వేగా మార్చేస్తారు. 1986 నుంచి అప్పుడప్పుడు యుద్ధ విమానాలు నిజంగానే దానిమీద దిగి ఎగిరాయి. ఉన్న ఎయిర్ బేసులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, వాటి మీద బాంబులు పడితే విమానాలకు దారి కావాలి కదా. ఇలాంటిది మనకూ ఉంది. బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర ఎన్‌హెచ్-16 మీద 2024 మార్చిలో ఏఎన్-32 రవాణా విమానం దిగింది. తేడా ఏమంటే మనకు అది అదనపు సదుపాయం, వాళ్లకు ప్రాణావసరం. ఇప్పుడు ఆర్డర్ ఇచ్చిన 20 ఎఫ్-35 యుద్ధ విమానాల్లో 12 బీ రకం, అంటే కొద్దిపాటి దూరంలో ఎగిరి నిలువుగా దిగేవి. రన్‌వే లేని రోజు కోసం అన్నమాట.

పెద్దమ్మ ప్రశ్నలో ట్యాంకుల సంగతి మిగిలింది. 2006లో జర్మనీ నుంచి వాడిన లెపర్డ్ 2 ట్యాంకులు కొన్నారు. విడిభాగాలకు కొన్ని పోను వాడకానికి 66. అరవై టన్నుల ప్రాంతపు ట్యాంకుకు ఎత్తైన అపార్ట్‌మెంట్ల నగరంలో పనేమిటి? నిజం చెప్పాలంటే పెద్దగా లేదు. అది నగరంలో పోరాడడానికి కొన్నది కాదు. వెనక్కి తగ్గడానికి చోటున్న దేశం శత్రువును లోపలికి రానిచ్చి, అలసిపోయేలా చేసి కొట్టవచ్చు. రష్యా అలా చేసింది. ఇక్కడ వెనక్కి రెండడుగులు వేస్తే సముద్రం. కాబట్టి యుద్ధమంటూ వస్తే అది దీవి బయటే జరగాలి. ఈ మాట వాళ్లు బహిరంగంగా అనరు, పొరుగు దేశం పేరు అసలే ఎత్తరు. కానీ నదులు దాటించే వంతెన బండ్లు, నీళ్లలోనూ బురదలోనూ నడిచే వాహనాలు, ఫిరంగులు మోసే హెలికాప్టర్లు, ట్యాంకులు అన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఆ దండు ముఖం ఎటు ఉందో వస్తువులే చెప్తాయి.

మొదటి తరంలో ఈ విధానాన్ని "విషపు రొయ్య" అనేవారు. చిన్న రొయ్యను పెద్ద చేప మింగగలదు, కానీ మింగితే ఆ చేపకూ ఆయువు మూడాలి. భీమవరం వైపు రొయ్యల రైతుకు చెప్తే వెంటనే తగులుకునే లొసుగు ఒకటుంది ఇందులో: చేప సంగతి సరే, రొయ్య బతకదు కదా. ఎనభైల నుంచి సింగపూర్ కూడా అదే గుర్తించింది. చస్తూ కసి తీర్చుకునే సైన్యం నుంచి, బతికి గెలిచే సైన్యం వైపు మళ్లింది. ఖర్చంతా ఆ మలుపులోనే ఉంది.

ఇక మిగిలింది పిల్లవాడి సంగతి. సింగపూర్ వెళ్లిన తెలుగువాళ్లలో పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, తీసుకున్న కుటుంబాలకు ఇది మొదటి రోజు నుంచే తెలిసిన విషయం. ఉద్యోగం మీద పీఆర్ తెచ్చుకున్న తండ్రికి నిర్బంధ సేవ ఉండదు. తల్లిదండ్రుల ద్వారా పీఆర్ వచ్చిన కొడుక్కి ఉంటుంది. పదహారున్నరేళ్లకు నమోదు, పద్దెనిమిది దాటాక రెండేళ్లు. ఎగ్గొడితే మూడేళ్ల దాకా జైలు, పది వేల సింగపూర్ డాలర్ల దాకా జరిమానా. సేవ చేయకుండా పీఆర్ వదులుకుంటే తర్వాత ఆ దేశంలో చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు అది అడ్డుపడుతుంది. కొడుకు పదో తరగతికి వచ్చేసరికి ఆ ఇళ్లలో భోజనాల దగ్గర జరిగే చర్చ మీరు ఊహించుకోవచ్చు.

మావాడు వెళ్లాడు. మొదటి రోజు సైనిక శిక్షణ శిబిరం ఉన్న టెకాంగ్ దీవికి ఫెర్రీలో తల్లిదండ్రులనూ రానిచ్చారు. పడుకునే గదులు చూపించి, సైనికుల భోజనశాలలోనే అన్నం పెట్టి పంపారు. పెద్దమ్మ అడిగినవి రెండే: జుట్టు ఎంత తీసేశారు, శాకాహారం దొరుకుతుందా. దొరుకుతుంది. శిబిరాల్లో ఇచ్చే ప్యాకెట్ భోజనాల్లో ముస్లింలకు, శాకాహారులకు వేరు వేరు రకాలున్నాయి. కొన్నాళ్లకు చిన్న కార్యక్రమం పెట్టి రైఫిల్ చేతికిచ్చారు. దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించడం వాడికి ఇప్పటికీ కళ్లు మూసుకుని వచ్చు. చేతివేళ్ల గోళ్లలో చేరిన కార్బన్ మసి మాత్రం మొదటి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు రెండు రోజులు పోలేదట.

రెండేళ్లు అయిపోయాయి. కానీ వదిలేయలేదు. ఏడాదికి 40 రోజుల దాకా పిలిచే రిజర్వ్ సేవ మరో పది విడతలు ఉంటుంది. దానికోసం యూనిఫాం, బూట్లు, వీపు సంచీ ఇంట్లోనే పెట్టుకుంటారు. స్విస్ వాళ్లు రైఫిల్ కూడా ఇంటికి తెచ్చుకుంటారు, సింగపూర్‌లో రైఫిల్ క్యాంపులోనే ఉంటుంది. బూట్లు అరిగితే ఏటా ఖాతాలో వేసే క్రెడిట్లతో ఈమార్ట్ అనే సైనిక దుకాణంలో వాళ్లే కొత్తవి తీసుకోవాలి. పిలుపు రావాలంటే దళాలకిచ్చిన సంకేత పదాలను టీవీలో, రేడియోలో, సినిమా హాళ్లలో తెర మీద వేసే పద్ధతి ఒకటి ఉంది, అభ్యాసంగా అప్పుడప్పుడు చేస్తారు. తన దళం పేరు కనిపించినవాడు సినిమా సగంలో లేచి వెళ్లాలి.

ఈ సైన్యం ఇంతవరకు తన దేశం కోసం యుద్ధం చేయలేదు. సింగపూర్‌లో తయారై నిజమైన యుద్ధంలో ఎక్కువగా నలిగిన బండి బ్రాంకో. రెండు పెట్టెలు జోడించినట్టుండే ఆ గొలుసు పట్టాల వాహనాన్ని బ్రిటన్ 2008లో వందకు పైగా ఆర్డర్ చేసి, "వార్ట్‌హాగ్" అని పేరు మార్చి అఫ్గానిస్థాన్ మందుపాతరల మధ్య నడిపింది. మిగతావాటి పనితనం ఎంతో పరదేశాల మైదానాల్లో అద్దెకు తీసుకున్న వారాల్లోనే తేలాలి. మావాడి వీపు సంచీ వాళ్ల ఫ్లాట్‌లో స్టోర్ రూమ్ పై అరలో ఉంది. పోయిన పిలుపుకు తీసినప్పుడు బూట్ల అడుగు ఊడొచ్చిందని, ఈమార్ట్‌కి వెళ్లాలని వాడు అన్నాడు.